లెమూయేలు తల్లి చెప్పిన మాట

కోనసీమలో పెండ్లిళ్ళ రోజులు వచ్చినవంటే కొబ్బరితోటల నీడన పందిళ్ళు లేస్తవి. అమలాపురం నుంచి రాజోలు వరకూ, ఇటు కొత్తపేట వరకూ, ఏ క్రైస్తవ గృహంలో పెండ్లికి పోయినా ఒక దృశ్యం తప్పదు. కీర్తనలు ముగిసిన తరువాత పాస్టరుగారు పరిశుద్ధ గ్రంథం తెరచి, సామెతలలో 31వ అధ్యాయం, 10వ వచనం దగ్గర చదవడం మొదలు పెడతారు. గుణవతి అయిన ఇల్లాలిని గురించిన భాగమది. చదువుతూన్నంతసేపూ వారి చూపు పెండ్లికుమార్తె మీదనే ఉంటుంది. చీకటితో లేవాలి, రాత్రివేళ దీపం ఆరనీయరాదు, చేతులు ఊరక ఉండరాదు, నాలుక మీద దయ ఉండాలి. ఇట్లా ఒక్కొక్కటే ఆమెకు అప్పగింతలు జరుగుతవి. పెండ్లికుమారుడు ఆ కాసేపూ మెడలోని దండ సర్దుకుంటూ కూర్చుంటాడు. తన వంతు ఇంకా రాలేదనుకుంటాడు కాబోలు. అనేక పెండ్లిళ్ళలో అది రానే రాదు.

30 ఏండ్లకు పైగా తెలుగు పంతులుగా పనిచేసిన నాకు పాఠాన్ని మధ్య నుంచి మొదలు పెట్టడం గిట్టదు. ఒక పెండ్లి నుంచి ఇంటికి వచ్చిన రాత్రి ఆ అధ్యాయాన్ని మొదటి వచనం నుంచి చదివినాను. అంతకుముందు చదవలేదా అంటే, చదివినాను. కాని పదేపదే విన్న భాగం వైపు కన్ను పరుగెత్తేది గాని, దాని ముందున్న వచనాల దగ్గర ఎన్నడూ ఆగలేదు.

ఆ అధ్యాయం పెండ్లికుమార్తెను ఉద్దేశించినది కాదు. లెమూయేలు అనే రాజుకు అతని తల్లి చేసిన ఉపదేశం అది. ఆమె పేరు గ్రంథంలో లేదు. మొక్కుబళ్ళు మొక్కి కన్న కొడుకును ఎదుట కూర్చోబెట్టుకొని ఆ తల్లి మూడు సంగతులు చెప్పినది. స్త్రీల వెంట పడి నీ బలాన్ని పోగొట్టుకోవద్దన్నది. మద్యం నీకు తగదన్నది. ఎందుకు తగదో కూడా చెప్పినది. త్రాగినవాడు న్యాయాన్ని మరచిపోతాడు, దిక్కులేనివారికి రావలసిన తీర్పును తారుమారు చేస్తాడు. మూడవది, నోరు లేనివారి పక్షాన నోరు తెరవమన్నది. ఈ మూడు మాటలూ తొమ్మిది వచనాలలో ముగుస్తవి. ఆ తరువాతనే ఇల్లాలి వర్ణన. ఈ వర్ణన వేరొక కవి రచన అని కొందరు పండితులు అంటారు. కావచ్చును. కాని గ్రంథాన్ని కూర్చినవారు దానిని తెచ్చి పెట్టిన చోటు ఏది? తల్లి కొడుకుకు బుద్ధి చెప్పిన మాటల వెంటనే. వినవలసినవాడు కొడుకు. మనం మాత్రం ఆ మాటలను కోడలికి వినిపిస్తున్నాం.

ఈ వర్ణనలో 22 వచనాలు ఉన్నవి. హీబ్రూ లిపిలోని 22 అక్షరాలతో అవి వరుసగా మొదలవుతవి. చిన్నపిల్లలకు అకారాది క్రమంలో పద్యాలు నేర్పిన ఉపాధ్యాయులకు ఈ కూర్పులోని సౌలభ్యం వేరే చెప్పనక్కరలేదు. అనువాదంలో ఆ సొగసు ఎట్లాగూ నిలవదు. దానితోపాటు మరొకటి కూడా సగం జారిపోయినది. మనం గుణవతి అని చెప్పుకొంటున్న చోట మూలంలో ఉన్న మాట ‘హయిల్’. బలం, పరాక్రమం, సంపద, సైన్యం, ఇన్ని అర్థాలలో ఆ మాట ఆ గ్రంథంలో కనిపిస్తుంది. యుద్ధవీరులను గురించి చెప్పేటప్పుడు వచ్చే మాట అది. అత్తగారి వెంట పరాయి దేశానికి వచ్చి, కోతచేలలో పరిగె ఏరి ఆమెను పోషించిన రూతును బోయజు మెచ్చుకొన్నప్పుడు వచ్చినదీ అదే మాట. హీబ్రూ ప్రాచీన ప్రతులు కొన్నింటిలో సామెతల గ్రంథం ముగియగానే రూతు గ్రంథం మొదలవుతుంది. ముందు వర్ణన, వెంటనే ఆ వర్ణనకు తగిన మనిషి. ఆమె ఇంటి నాలుగు గోడల నడుమ కూర్చున్న మనిషి కాదు.

యూదుల ఇండ్లలో శుక్రవారం సాయంకాలం, విశ్రాంతిదినపు భోజనానికి ముందు, ఈ వచనాలను భర్త భార్యకు పాడి వినిపించే ఆచారం కలదు. వారమంతా ఆమె పడిన శ్రమకు అది కృతజ్ఞత. అక్కడ కృతజ్ఞతగా పాడుకొనే భాగం ఇక్కడ మనకు పనుల పట్టికగా మారినది.

పరాక్రమం గల ఇల్లాలు కోనసీమకు క్రొత్త కాదు. లంకలగన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) ఏ మందిరపు ఉపదేశమూ వినలేదు. వారి ధర్మం వేరు, ఆచారాలు వేరు. వేళ కాని వేళ వచ్చిన బాటసారికి కూడా ఆ ఇంట అన్నం ఉండేది. పేదలకు చేయి చాచడం అన్నది సామెతల ఇల్లాలి లక్షణాలలో ఒకటి గనుక, ఆ వచనం దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు సీతమ్మగారే గుర్తుకు వస్తారు. వైనతేయ మీది క్రొత్త అక్విడక్టుకు ఆమె పేరు పెట్టినారు. మన ప్రాంతంలో నీరు పారే ఒక దారికి ఒక ఇల్లాలి పేరు ఉండడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

మన ఇండ్లలోకి బైబిలు వచ్చిన దారి కూడా కొంత స్త్రీల వెంటనే వచ్చినది. ఇంగ్లండు నుంచి 1836లో మన దేశానికి వచ్చిన విలియం బౌడెను, జార్జి బీరు దంపతులు తరువాత నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో స్థిరపడినారు. గోదావరి డెల్టా మిషను వారి పనితో మొదలైనది. మిషను రోజులలో ‘బైబిలు స్త్రీలు’ అని పిలువబడిన తెలుగు స్త్రీలు ఇల్లిల్లూ తిరిగి స్త్రీలకు వాక్యం చెప్పేవారు, చదువు నేర్పేవారు. వాక్యం చదువుకొనడానికని అక్షరాలు దిద్దిన అమ్మమ్మలు, నాయనమ్మలు మన పేటలలో ఎందరో ఉండేవారు. వారు చదివిన గ్రంథంలో నుంచే నేడు వారి మనుమరాండ్రకు పనులు అప్పగిస్తున్నాం.

ఆ వర్ణనలో నన్ను ఎక్కువగా నిలిపివేసినది ఓడల పోలిక. ఆ ఇల్లాలు దూరదేశం నుంచి ఆహారం తెచ్చే వర్తకుల ఓడల వంటిదట. గోదావరి పాయల నడుమ పుట్టి, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠను దాటిన మనకు ఆ పోలికను విప్పి చెప్పనక్కరలేదు. కాని నేడు మన ఊళ్ళలో ఆ ఓడ ఎవరో చూడండి. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు, పి. గన్నవరం ప్రాంతాలలో కువైట్‌కో, మస్కట్‌కో, బహ్రెయిన్‌కో ఇంటిపనికి పోయిన స్త్రీ ఒక్కరైనా లేని పేట అరుదు. ఆ పైకంతోనే అప్పులు తీరుతవి, పిల్లల ఫీజులు కట్టబడతవి, పెంకుటింటి చోట డాబా లేస్తుంది.

ఎందుకు పోతున్నారని అడిగేవారు ఉన్నారు. 1996 నవంబరు 6వ తేదీ తుఫానులో మన కొబ్బరి నేలకు ఒరిగినది. క్రొత్తగా నాటిన చెట్టు కాపుకు రావడానికి అయిదారేండ్లైనా పడుతుంది. 2011లో సాగు గిట్టుబాటు కాక కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినారు. రైతు చేను విడిచిపెడితే నాట్లకూ కోతలకూ పోయే ఇల్లాలి చేతిలోని కూలి కూడా పోతుంది. అంతకుముందు 1990 ఆగస్టులో ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షా 70 వేలకు పైగా భారతీయులను విమానాలలో వెనుకకు తీసికొని రావలసి వచ్చినది. వారిలో తెలుగువారూ ఉన్నారు. అంత భయం చూచిన తరువాత కూడా ఆ దారి మూతపడలేదంటే, ఇంటి దగ్గరి అవసరం ఎటువంటిదో ఊహించవచ్చును. ఇంటిపనికి గల్ఫ్ దేశాలకు పోయే స్త్రీకి, వలస అనుమతి అవసరమైన పాస్‌పోర్టు ఉన్నదైతే, 30 ఏండ్లు నిండి ఉండాలని మన ప్రభుత్వం నియమం పెట్టినది. అనగా నియమం ప్రకారం పోయేది పెండ్లి కావలసిన పడుచుపిల్ల కాదు. బడికి పోయే బిడ్డలు గల తల్లి.

నేను బడిలో ఉన్న చివరి సంవత్సరాలలో ఒకసారి ఏడవ తరగతి పిల్లలను ‘మా అమ్మ’ అనే విషయం మీద వ్యాసం వ్రాయమన్నాను. ఎన్నో ఏండ్లుగా ఇచ్చే విషయమే గనుక ఆలోచించకుండా ఇచ్చినాను. ఒక పిల్ల నాలుగు వాక్యాలు వ్రాసి ఆపివేసినది. అమ్మ గొంతు సన్నగా ఉంటుంది. అమ్మ ఫోను రాత్రి ఒంటిగంట దాటిన తరువాత వస్తుంది. ఫోను రాగానే మామ్మ నన్ను లేపుతుంది. అమ్మ వండిన కూర ఎట్లా ఉంటుందో మరచిపోయినాను. అంతే. ఆ నాలుగు వాక్యాలలో రెండు అక్షరదోషాలు ఉన్నవి. ఎర్రసిరా కలం తీసిన చేయి దిద్దడానికి రాలేదు. ఆ సంవత్సరం ఆమె ప్రగతి పత్రం మీద మూడుసార్లూ మామ్మ వేలిముద్రే పడినది. తండ్రి ఊళ్ళోనే ఉన్నాడు.

కువైట్‌లో గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. అక్కడ యజమానుల భోజనాలు ముగిసి, గిన్నెలు కడిగి, ఆమె తన గదిలోకి వచ్చేసరికి రాత్రి పదకొండు అనుకొందాం. ఇక్కడ ఒంటిగంటన్నర. రాత్రి ఆమె దీపం ఆరదన్న మాటకు అర్థం నాకు ఆనాడు తెలిసినది. కువైట్ నగరంలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో తెలుగు సంఘాలు కూడుకుంటవి. అక్కడ వారపు సెలవు శుక్రవారం గనుక ఆరాధన కూడా శుక్రవారమే. ఇంటిపనివారిలో ఆ సెలవు ప్రతి వారమూ దొరకేది అందరికీ కాదు. దొరకనివారు ఆ గదిలోనే, ఆ దీపం దగ్గరనే, ఫోనులో కీర్తన విని నిద్రపోతారు.

బిడ్డలను వదలి పోవడం వాక్యవిరుద్ధమని వేదిక మీద నుంచి చెప్పే పెద్దలు ఉన్నారు. పౌలు తీతుకు వ్రాసిన పత్రికను చూపుతారు. ఇంటి పనులు చూచుకొనే స్త్రీలను గురించి అందులో ఒక మాట ఉన్నది. వారు చెప్పే నష్టం అబద్ధం కాదు. తల్లి దగ్గర లేని పిల్లల పాట్లు నేను తరగతి గదిలో చూచినవాడనే. చదువులో వెనుకబడేవారు కొందరు, అకారణంగా కోపం తెచ్చుకొనేవారు కొందరు, వయస్సుకు మించి పెద్దలైపోయేవారు కొందరు. కాని ఆమెను తప్పు పట్టే పెద్దలే ఆమె పంపిన దశమభాగాన్ని లెక్కపెట్టి రసీదు వ్రాస్తారు. కరవు వచ్చి బెత్లెహేము విడిచి మోయాబు పోయిన నయోమి కుటుంబాన్ని గ్రంథం ఒక్క మాటతోనైనా నిందించలేదు. ఆమె రిక్తహస్తాలతో తిరిగి వచ్చినప్పుడు ఊరు ఎట్లా పలుకరించినదో, పొలం యజమాని పరిగె ఏరుకొనేవారితో ఎట్లా ప్రవర్తించినాడో, ఆమె కుటుంబపు నేలను ఎవరు విడిపించినారో, ఆ సంగతులే వివరంగా వ్రాసినది. పోయినవారి కంటె ఊళ్ళో ఉన్నవారి నడవడి మీదనే ఆ కథకు ఎక్కువ శ్రద్ధ.

ఊళ్ళో ఉన్నవారంటే ముందుగా భర్త. లెమూయేలు తల్లి చెప్పిన రెండవ మాట ఇక్కడ గుర్తు చేసికోవాలి. దూరదేశం నుంచి వచ్చిన పైకంలో మొదటి భాగం ఏ దుకాణానికి చేరుతుందో మన పేటలలో అందరికీ తెలిసిన రహస్యమే. దానిని గురించి పెండ్లిపందిరిలో చదవవలసిన వచనాలు పందిరిలోనే, చేతిలోని పుస్తకంలోనే, చదువుతూన్న భాగానికి రెండు వేళ్ళ పైననే ఉన్నవి.

అందరు భర్తలూ అటువంటివారని అనను. మా వీధి చివర ఒకాయన కొబ్బరి దింపు పనికి పోయేవాడు. భార్య మస్కట్‌లో ఉండేది. తెల్లవారుజామున లేచి అన్నం వండి, ఇద్దరు ఆడపిల్లలకు జడలు వేసి, బడికి పంపి, ఆ తరువాత తోటలకు బయలుదేరేవాడు. మొదట్లో ఆ జడలు ఒకటి పైకి, ఒకటి క్రిందికి ఉండేవి. ఏడాది తిరిగేసరికి బడిలో ఏ తల్లీ వేయలేనంత పొందికగా వేయడం నేర్చినాడు. టీ దుకాణం దగ్గర అతనిని ఎగతాళి చేయనివారు లేరు. సామెతలలోని ఇల్లాలి భర్త ఊరి గవినిలో, అనగా పెద్దలు కూర్చుండే రచ్చలో, గౌరవంగా కూర్చుంటాడని ఉన్నది. మన రచ్చలో ఆ గౌరవం జడలు వేసినవానికి దక్కలేదు. భార్య పంపిన పైకంతో మోటారు సైకిలు కొన్నవానికి దక్కినది.

పౌలు ఎఫెసీయులకు వ్రాసిన పత్రికను కూడా మనం ఇట్లాగే మధ్య నుంచి చదువుతాం. 5వ అధ్యాయంలో భార్యలకు చెప్పిన మూడు వచనాలు మందిరానికి వచ్చే పసిపిల్లలకు కూడా కంఠస్థం. దాని ముందు వచనంలో విశ్వాసులందరూ ఒకరికొకరు లోబడాలని ఉన్నది. గ్రీకు ప్రాచీన ప్రతులలో భార్యలకు చెప్పిన వాక్యంలో వేరే క్రియాపదమే లేదు. ముందు వాక్యంలోని క్రియనే అరువు తెచ్చుకొని చదువుకోవాలి. ఇక భర్తకు చెప్పినది భార్యకు చెప్పినదానికి రెండింతలకు పైగా ఉన్నది. ప్రాణం పెట్టేటంత ప్రేమను కొలతగా పెట్టి చెప్పినది. వ్యాకరణం తెలిసినవారు ఆలోచించవలసిన సంగతి.

సామెతల అధ్యాయం చివరి వచనం ఒక విధితో ముగుస్తుంది. ఈసారి విధి ఇల్లాలికి కాదు, ఇంటివారికీ ఊరివారికీ. ఆమె చేతుల కష్టఫలంలో ఆమెకు చెందవలసినది ఆమెకు ఇవ్వమని. ఆమె పొలాన్ని చూచి ఆలోచించి కొన్నదని కూడా అదే వర్ణనలో కొంచెం పైన ఉన్నది. ఎవరి అనుమతి అడిగినదో కవి చెప్పలేదు.

నాకు వదిన వరుస అయిన ఒకామె పన్నెండేండ్లు కువైట్‌లో పనిచేసి వచ్చినది. ఆమె పంపిన పైకంతో డాబా వేసినారు. స్థలం భర్త పేరిట కొన్నారు. గోడ మీది చలువరాతిలోనూ అతని పేరే. అతడు పోయిన తరువాత మరుదులు వచ్చి, ఇది అన్నదమ్ముల ఉమ్మడి సొమ్ము, నీకు భోజనానికి లోటు రానీయం గాని ఇల్లు మాత్రం మా అందరిదీ అన్నారు. ఆమె దగ్గర ఉన్న ఋజువులు బ్యాంకు రసీదులు కొన్ని, పాత పాస్‌పోర్టు మీది ముద్రలు. వ్యవహారం సంఘం పెద్దల దగ్గరికి వచ్చినప్పుడు పదిమందిలో నేనూ ఒకడిని. పెద్దలలో ఒకరు పుస్తకం తెరచి, ఆ గుణవతి వచనాలనే ఆమెకు చదివి వినిపించి, నాలుకను అదుపులో పెట్టుకొని శాంతం వహించమన్నారు. నేను నోరు మెదపలేదు. అందరూ ఎరిగినవారు, రేపు ముఖాలు చూచుకోవలసినవారు, మనకెందుకని ఊరకున్నాను. లెమూయేలు తల్లి చెప్పిన మూడవ మాట అప్పటికి నేను చదివి ఉండలేదని చెప్పలేను. చదివినాను, ఆగలేదు. ఈ సంగతి దాచిపెట్టి ఇక్కడ ఇతరులకు ఉపదేశం చేసే యోగ్యత నాకు లేదు.

తరువాత ఒక వకీలుగారిని అడిగి తెలిసికొన్నాను. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా పోయిన క్రైస్తవుని ఆస్తిలో, బిడ్డలు ఉన్నప్పుడు, మూడవ వంతు భార్యకు చెందుతుంది. తక్కిన రెండు వంతులూ బిడ్డలకు. బిడ్డలలో కొడుకు, కూతురు అనే తేడా లేదు. బిడ్డలు ఉండగా అన్నదమ్ములకు భాగమే లేదు. ఆనాడు ఈ నాలుగు ముక్కలు చెప్పగలవాడు ఆ పదిమందిలో ఒక్కడు ఉన్నా చాలును. కాగితాల మీద హిందువులుగా ఉన్న కుటుంబాలు మన ప్రాంతంలో ఉన్నవి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వలన ఏర్పడిన చిక్కు అది, దాని చర్చకు ఇది చోటు కాదు. అయినా 1956 నాటి హిందూ వారసత్వ చట్టం క్రింద చూచినా భార్యను గాని, కూతురిని గాని త్రోసివేయడానికి వీలు లేదు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కును మన రాష్ట్రం 1986లో, కేంద్రం 2005లో సవరణలు చేసి ఇచ్చినవి. కాగితం మీద ఏ పేరు ఉన్నా ఆడబిడ్డకు భాగం ఉన్నది. కేరళలో మేరీ రాయ్ అనే ఉపాధ్యాయురాలు సుప్రీం కోర్టు దాకా పోయి 1986లో గెలిచిన వ్యాజ్యం కూడా ఇటువంటి భాగం గురించినదే.

చట్టం పాశ్చాత్యులదనీ, మనకు లేఖనమే ప్రమాణమనీ అనేవారు సంఖ్యాకాండము 27వ అధ్యాయం తెరవాలి. సెలోపెహాదుకు కొడుకులు లేరు. అతని కూతుళ్ళు అయిదుగురు, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా, ప్రత్యక్ష గుడారం ఎదుట, మోషే ఎదుట, సమాజమంతా చూస్తూ ఉండగా నిలిచి తండ్రి భాగం తమకు ఇమ్మని అడిగినారు. మోషే తీర్పు చెప్పలేక దేవుని అడిగితే, ఆ అమ్మాయిలు చెప్పినదే న్యాయమని జవాబు వచ్చినది. అన్నదమ్ములు లేకపోబట్టి గదా అని మళ్ళీ అంటారు. అయితే యోబు గ్రంథం చివరి అధ్యాయం చూడండి. యోబుకు ఏడుగురు కొడుకులు ఉండగానే ముగ్గురు కూతుళ్ళకు, యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు అనే వారికి, అన్నదమ్ములతోపాటు స్వాస్థ్యం ఇచ్చినాడు. చిత్రం ఏమంటే అక్కడ కూతుళ్ళ పేర్లు వ్రాసినారు, కొడుకుల పేర్లు వ్రాయలేదు. ఇన్నేండ్లలో యోబు సహనాన్ని గురించి లెక్కలేనన్ని ప్రసంగాలు విన్నాను. ఆయన చేసిన ఆస్తి పంపకాన్ని గురించి ఒక్కటీ వినలేదు.

కట్నం ఇచ్చినాం గనుక భాగం తీరిపోయినదన్న వాదం ఒకటి ఉన్నది. కట్నం 1961 చట్టం నిషేధించిన పద్ధతి. నిషేధించినది ఇచ్చి, విధించినది ఎగవేసి, చెల్లుకు చెల్లు అనడం ఎటువంటి లెక్కో గణితం మాస్టార్లు చెప్పాలి. ఆడబిడ్డ చేత హక్కు విడుదల కాగితం మీద సంతకం పెట్టించే రోజున ప్రార్థన చేసి మొదలు పెట్టే ఇండ్లు కూడా ఉన్నవి.

మందిరాల మాట ఒకటి చెప్పి ఊరుకొంటాను. తల్లిదండ్రులకు ఇవ్వవలసినదానిని దేవునికి అర్పించినానని చెప్పి తప్పించుకొనేవారిని యేసు తీవ్రంగా మందలించిన ఘట్టం మార్కు సువార్త 7వ అధ్యాయంలో ఉన్నది. గల్ఫ్ పైకంతో లేచిన కొన్ని ప్రార్థనామందిరాల గోడల మీద దాతల పేర్లు చెక్కిన రాళ్ళు చూచినప్పుడు, ఆ దాతల తల్లి ఏ పూరిపాక వసారాలో ఉన్నదోనని అనుమానం వస్తుంది. కొన్నిసార్లు ఆ అనుమానం నిజమైనది.

ఈ పుట విద్యార్థులు కూడా చదువుతారు గనుక వారికి ఒక పని చెబుతాను. మీ అమ్మ దూరదేశంలో ఉన్నట్లయితే ఆమె పంపే పైకాన్ని ఒక నోటుపుస్తకంలో వ్రాయండి. తేదీ, మొత్తం, ఏ బ్యాంకు, దేనికి ఖర్చయినది, ఈ నాలుగు గళ్ళు చాలు. రసీదు దొరికితే అందులోనే అంటించండి. ఇల్లు కట్టేటప్పుడు పత్రం ఎవరి పేరిట వ్రాస్తున్నారని అడగండి. పిల్లలు అడిగితే పెద్దలు కసరుకొంటారు గాని సమాధానం చెప్పక తప్పదు. ఉపాధ్యాయులు ఆ పుస్తకాన్ని నెలకొకసారి చూచి, కూడిక తప్పులు దిద్దితే అది గణితమూ అవుతుంది. మా వదిన దగ్గర అటువంటి పుస్తకం ఒకటి ఉండి ఉంటే ఆనాటి సభ వేరు విధంగా నడిచేది. ఆమె ఇప్పుడు కూతురి ఇంట్లో ఉన్నది. డాబా క్రింది భాగం అద్దెకు ఇచ్చినారు, అద్దె మరుదులు తీసికొంటారు. వ్యాజ్యం వేయమని నేను ఇప్పటికి రెండుసార్లు చెప్పినాను. ఇన్నాళ్ళకు చెబుతున్నావా మరిదీ అన్నది.

మొన్న వేసవిలో మా చెల్లెలి కూతురి పెండ్లికి వాక్యం చదవమని నన్ను అడిగినారు. పాస్టరుగారు ఒకప్పుడు నా దగ్గర చదువుకొన్న కుర్రవాడు. ఏ భాగం చదువుతానంటే ఆ భాగమే కానిమ్మన్నాడు. పుస్తకం తెరచి సామెతలు 31, మొదటి వచనం నుంచి అన్నాను. పెండ్లికుమార్తె అలవాటు ప్రకారం తల వంచుకొన్నది. నేను పెండ్లికుమారుని వైపు తిరిగి మొదలు పెట్టినాను. అతడు మొదట అటూ ఇటూ చూచి, ఈ మాటలు తనకేనని తెలిసికొని దండ సర్దుకోవడం మానివేసినాడు. మద్యం సంగతి వచ్చేసరికి పందిరి వెనుక వరుసలలో దగ్గులు వినిపించినవి. మా చెల్లెలు రెండు నెలల సెలవు మీద కువైట్ నుంచి వచ్చినది. ఓడల వచనం దగ్గర నేను ఆమె వైపు చూడలేదు. చూస్తే చదవలేనని తెలుసు.

భోజనాలు అయిన తరువాత పెండ్లికుమారుని నాయనమ్మ కర్ర పట్టుకొని నా దగ్గరికి వచ్చినది.

“ఆ ముందు మాటలు ఎక్కడున్నాయండి మాస్టారూ? ఇన్నాళ్ళూ ఎవరూ సదవలేదేంటండి?”

పుస్తకం తీసి చూపించినాను. ఆమెకు చదువు రాదు. ఆ పుట మూల కొంచెం మడిచి ఇమ్మన్నది.

“పుస్తకం రేపు పంపేత్తానండి. రాత్రికి మా పెద్దోడి సేత సదివించుకుంటాను,” అని సంకలో పెట్టుకొని పోయినది.